అందరికీ అర్థమైన వివరణ

తలాత్ జహ్రాన్ సగం గడ్డంతో చచ్చిపోయాడు.

పోర్ట్ సయీద్‌లో చేపల బజారు వెనక ఒక మంగలి దుకాణం. మిట్టమధ్యాహ్నం. రంజాన్ నెల కాబట్టి వీధిలో జనం లేరు. కుడి చెంప గీయడం అయిపోయాక మంగలి వేడి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి తువ్వాలుతో పని లేకుండా పోయింది. తలాత్ అద్దంలోకి చూస్తూనే ఉన్నాడు. మెడ వెనక, చెవి కింద, సూది గుచ్చినంత ఎర్రటి చుక్క.

"బయట ఎవరో మాట్లాడింది వినబడింది సార్" అన్నాడు మంగలి పోలీసులతో. "'క్షమించాలి, తప్పు దుకాణానికి వచ్చినట్టున్నాను' అన్నాడు. యాస మన ఊరిది కాదు. కానీ మర్యాదస్తుడు."

పోలీసులు గుండెపోటు అని రాసుకున్నారు. మంగలికి సగం గడ్డానికి డబ్బు ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఉదయమే తలాత్ కైరోకి ఒక మెసేజ్ పంపాడు. కోడ్ విప్పితే అందులో ఉన్నది ఇంతే: "వివరణ అందరికీ అర్థమైంది. అదే భయంగా ఉంది."

కైరోలో అతబా దగ్గర దీపాల దుకాణాల పైఅంతస్తులో ఒక గది ఉంది. తలుపు మీద 'ఎలక్ట్రికల్ విడిభాగాలు' అని బోర్డు. లోపల బ్రిగేడియర్ బహ్గత్ ఖాళీ సిగరెట్ పెట్టెను వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు. ఆయనకి తిండి లేకపోయినా ఫరవాలేదు, పొగ లేకపోతే మనిషి కాదు. ఉపవాసపు రోజుల్లో ఆయన ఎదుట కూర్చోవడమే ఒక మిషన్.

ఎదుట కూర్చున్నవాడు ఏజెంట్ హిల్మీ దర్వీష్. నడివయసు దాటుతోంది. మనిషి ఎత్తు, మొహం మాత్రం ఎవరికీ గుర్తుండదు. గూఢచారికి అంతకంటే ఏం కావాలి. తలాత్‌తో కలిసి ఏళ్ల తరబడి పనిచేశాడు. ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకే డిక్కీలో దాక్కుని సరిహద్దు దాటారు. మొన్న తలాత్ పాడె మోసినప్పుడు హిల్మీకి ఎడమ భుజం నొప్పెట్టింది. ఇంకేమీ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదా అని బస్సులో కొంతసేపు ఆలోచించాడు. ఆలోచించినా ఏమీ అనిపించలేదు.

"మనారా టెర్మినల్" అన్నాడు బహ్గత్. "పోర్ట్ సయీద్ రేవులో ప్రైవేటుది. సరుకు తనిఖీకి కొత్త సిస్టమ్ పెట్టారు."

"ఎలాంటిది?"

"పాత పద్ధతి నీకు తెలుసుగా. ముందు ఇది చెయ్యి, అయ్యాక అది చెయ్యి, అయ్యాక సంతకం పెట్టు. రైలు పట్టాల్లాగా. కొత్తదాంట్లో పట్టాల్లేవు, కంచె ఒకటే ఉంది. ఏ పనైనా ఏ వరసలోనైనా చేసుకో. కొన్ని నియమాలు మాత్రం విరగకూడదు. విరిగితే గేటు దగ్గర నేలలోంచి ఇనుప స్తంభాలు లేస్తాయి. విరగలేదా, పచ్చలైటు. బండి బయటికి."

"బాగానే ఉందిగా."

"వినడానికి. నియమాలు లెక్కల భాషలో ఉన్నాయి, రేవులో ఒక్కడికీ తలకెక్కలేదు. అందుకని ఒక వివరణ తయారుచేయించారు. తెర మీద బొమ్మ కదులుతుంది, ఒక ఆడగొంతు ప్రతి నియమాన్నీ మామూలు మాటల్లో చెబుతుంది. ఆ వివరణ బాగుందా లేదా అని తేల్చడానికి రేవు మనుషులను కూర్చోబెట్టి పరీక్ష పెడుతున్నారు. తలాత్ మారువేషంలో ఆ పరీక్షకి కూర్చున్నాడు."

"చంపేంత విషయం అందులో ఏముంది సార్?"

"అది నువ్వు చెప్పాలి నాకు." బహ్గత్ సిగరెట్ పెట్టె వాసన చూసి పక్కన పెట్టాడు. "ఆయుధాలు దొంగరవాణా చేసే ఉప్పు ముఠా సరుకు ఒకటి ఆ టెర్మినల్‌లో దిగింది. భుజం మీద పెట్టుకుని విమానాన్ని కూల్చే గొట్టాలు, ఒక కంటైనర్ నిండా. అది గేటు దాటితే ఎడారిలో కలిసిపోతుంది. ఎవడి భుజం మీద తేలుతుందో దేవుడికే ఎరుక. పండగకి జనమంతా విమానాలెక్కి ఇళ్లకొస్తున్నారు హిల్మీ. ఆ పెట్టె గేటు దాటకూడదు. అంతే."

"రేవు మూసేయించండి."

"అడిగాను. పచ్చలైటు ఉన్న సరుకు ఆపితే విదేశీ కంపెనీలు పారిపోతాయట. సాక్ష్యం తెచ్చుకోమన్నారు."

"పెట్టె ఏదో తెలుసా?"

"తెలియదు. లోపల మన మనిషి ఒకరున్నారు, ముఠా తమ మనిషి అనుకుంటోంది. నువ్వు, 'ఇక్కడి గాలికి ఇనుము తుప్పు పట్టదా?' అనాలి. జవాబు, 'ఇనుముకేం, మనుషులకే పడుతుంది.'"

"ఎవరు రాశారు సార్ ఇది?"

"నేనే. ఏం?"

"ఏం లేదు."

బహ్గత్ సొరుగులోంచి మూడు వస్తువులు తీశాడు. ఒక జపమాల, పెద్ద పూసలో కెమెరా. ఒక కళ్లజోడు, కాడలో మైకు, మాట్లాడితే కైరోలో వినబడుతుంది, కైరో మాట్లాడితే చెవిలో. ఒక పెన్ను, వెనక నొక్కితే మత్తు సూది.

"లోపలికి ఆయుధం పోదు, ఈ పెన్నే నీకు దిక్కు. సూది ఒక్కటే ఉంది, చూసి వాడు. రెండోదానికి పెట్టిన ఫైలు వెనక్కి వచ్చింది, అవసరం రుజువు చేయమని."

మర్నాడు మనారా టెర్మినల్‌కి డామియెట్టా నుంచి బదిలీ మీద ఒక క్రేన్ మేస్త్రీ వచ్చాడు. పేరు సాదిక్. దుబ్బు మీసం, చేతిలో జపమాల, ముక్కు మీదికి జారే కళ్లజోడు. ఫెర్రీ వీధిలోంచి నడిచి వస్తుంటే అక్కడ రోడ్డుకి రెండువైపులా తాళ్లు కట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి బల్లలు వేస్తున్నారు. సాయంత్రం దారినపోయే ఎవరైనా కూర్చుని ఉపవాసం విడవడానికి. ఆ బల్లల మధ్యనుంచి ఒళ్లు ఒంచి దూరి టెర్మినల్ చేరుకున్నాడు.

పరీక్ష గదిలో ఏసీ ఉంది. అందుకే రేవు మనుషులకి పరీక్షంటే ఇష్టం. ముందు వరసలో క్రేన్ల పెద్ద, రయ్యిస్ గరీబ్, రెండు కుర్చీల మేర కూర్చున్నాడు.

"కొత్తవాడివా? ఏ ఊరు?"

"డామియెట్టా."

"అయ్యో పాపం. మీ ఊళ్లో ఏడాది పొడుగునా ఉపవాసమేనటగా, చుట్టాలు వచ్చినప్పుడల్లా."

గది నవ్వింది.

"చుట్టాలు రావడం మానేశారు అన్నా" అన్నాడు హిల్మీ. "ఇప్పుడు సుఖంగా ఉంది."

"రా, ఇలా కూర్చో. పిసినారివైనా మాట తెలిసినవాడివి."

అప్పుడు తలుపు తెరుచుకుని, ఈ పరీక్ష నడిపే డాక్టర్ మైసా రాగిబ్ వచ్చింది. పచ్చటి సిల్కు స్కార్ఫు, గచ్చు మీద టకటకలాడే ఎత్తు చెప్పులు, విదేశంలో చదివిన చదువు. ఆమె నవ్వగానే గదిలో ఉన్నవాళ్లంతా ఉపవాసం సంగతి గుర్తు తెచ్చుకుని చూపు నేల మీదికి దించుకున్నారు. హిల్మీ దించుకోలేదు. అతడికి ఏమీ అనిపించలేదు కాబట్టి దించుకోవలసిన పని లేకపోయింది. ఆమె వెనక బూడిదరంగు సూటులో ఒక విదేశీయుడు వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. దారిలో ఎవరి కాలో తగిలితే, "క్షమించాలి" అన్నాడు. వివరణ తయారుచేసిన కంపెనీ తరఫు మనిషి, పేరు వెల్డ్.

తెర వెలిగింది. తియ్యటి గొంతు మొదలుపెట్టింది.

"స్కానర్‌లో అనుమానం తగిలిన పెట్టె మీద ఎర్రగుర్తు పడుతుంది. ఎర్రగుర్తు పడిన ప్రతి పెట్టెనూ తప్పకుండా తెరిచి చూస్తారు."

తెర మీద ఎర్రగుర్తు పెట్టె ఒకటి దిగులుమొహం వేసుకుని వచ్చింది. ఇద్దరు బొమ్మ మనుషులు తెరిచారు, చూశారు, మూశారు. పెట్టె నవ్వుతూ గేటు దాటి వెళ్లిపోయింది. పెట్టెకి కళ్లూ ముక్కూ పెట్టి నవ్వించడానికి ఎవరో జీతం తీసుకుని ఉంటారు.

ఆ తర్వాత ప్రశ్నలు. వివరణ అర్థమైందా? సులువుగా ఉందా? మీకు నమ్మకం కలిగిందా? ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? అందరూ ఉన్నవన్నీ ఇచ్చేశారు. గరీబ్ అయితే ఇంకా ఉన్నాయేమోనని తెర అంచు దాకా నొక్కి చూశాడు.

హిల్మీ చెయ్యెత్తాడు. "అమ్మా డాక్టర్, ఎప్పుడు తెరుస్తారు?"

"తర్వాత" అంది మైసా.

"దేని తర్వాత?"

"ఎర్రగుర్తు పడ్డాక."

"గేటు దాటక ముందా? దాటాకనా?"

గది గొల్లుమంది. "గేటు దాటాక ఏం తెరుస్తారయ్యా, దాని అత్తారింటికెళ్లి?" అన్నాడు గరీబ్. "పెద్దవాళ్లు తర్వాత అంటే తర్వాతే. నొక్కి అడగడం మర్యాదేనా? మీ ఊళ్లో చుట్టాలెందుకు మానేశారో తెలిసింది."

అది ఆ రేవు అలవాటు. తర్వాత అన్నవాణ్ని ఎప్పుడు అని అడగరు. అడిగితే నమ్మనట్టు. కూలి తర్వాత, క్రేను రిపేరు తర్వాత, పెన్షను తర్వాత. అలా జీవితాలు వెళ్లిపోయినవాళ్లు ఆ గదిలోనే చాలామంది ఉన్నారు, వాళ్లే అందరికంటే గట్టిగా నవ్వారు.

"బొమ్మలో చూశారుగా సాదిక్ గారూ" అంది మైసా చిరునవ్వుతో.

చివరి వరసలో వెల్డ్ కళ్లజోడు తుడుచుకోవడం ఆపాడు.

పొద్దు వాలుతుంటే అసర్ నమాజుకి అందరూ లేచి వెళ్లారు. హిల్మీ నడుం నొప్పి అని వెనకబడి, మూలన ఉన్న శిక్షణ యంత్రం ముందు కూర్చున్నాడు. కొత్తవాళ్లు ఉత్తుత్తి పెట్టెలతో సాధన చేయడానికి పెట్టిన యంత్రం అది. నియమాలు మాత్రం అసలువే.

పరీక్షలో అడగని ప్రశ్న ఒకటి ఉంది: వివరణ చెప్పింది నిజమేనా? తెలుసుకోవడానికి దారి ఒకటే. జరగదు అని వివరణ చెప్పినదాన్ని చేసి చూడటం. హిల్మీ ఒక ఉత్తుత్తి పెట్టె తీసుకున్నాడు. దాని మీద ఎర్రగుర్తు వేశాడు. తెరవలేదు. నేరుగా గేటుకి పంపాడు.

నియమం పక్కన పసుపు చుక్క వెలిగింది: 'ఇంకా జరగవలసి ఉంది.' కింద పచ్చలైటు: 'ఏ నియమమూ విరగలేదు.' గేటు తెరుచుకుంది. పెట్టె వెళ్లిపోయింది.

హిల్మీ జపమాల తిప్పుతూ పెద్ద పూసను తెర వైపు ఉంచాడు.

నియమం అబద్ధం చెప్పలేదు. ఎర్రగుర్తు పడితే ఎప్పుడో ఒకప్పుడు తెరవాలి అంది. ఆ ఎప్పుడో ఒకప్పుడు ఇంకా రాలేదు. రానంతకాలం విరిగినట్టు కాదు. విరగనంతకాలం పచ్చలైటు. ఏడాది ఆగినా, పెట్టె ఎడారి చేరినా, గొట్టం పేలినా అది 'ఇంకా జరగవలసి ఉన్న' పనే. తెరవకుండా గేటు దాటకూడదు అని ఇంకొక నియమం ఉండాలి. అది ఎక్కడా లేదు. ఉన్నట్టు ఒక నవ్వే పెట్టె నమ్మించింది. ఇంత చదువుకున్నవాళ్లు ఇన్ని నక్షత్రాలు లెక్కపెట్టి, బొమ్మనీ నియమాన్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడమని ఎవరూ వాళ్లకి జీతం ఇవ్వలేదు.

వెనక చెప్పుల టకటక.

"నడుం నొప్పి తగ్గిందా?" అంది మైసా.

హిల్మీ తిరగలేదు. "ఇక్కడి గాలికి ఇనుము తుప్పు పట్టదా?"

"ఇనుముకేం, మనుషులకే పడుతుంది" అంది ఆమె. "ఎవరు రాశారో గానీ, పైకి అనాలంటే సిగ్గేస్తోంది."

"మా పెద్దాయన వింటున్నాడు. ఇక చెప్పు."

ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. అత్తరు వాసన. "మొన్న వచ్చినాయన కూడా ఇదే ప్రశ్న అడిగాడు. ఇదే యంత్రం ముందు కూర్చున్నాడు."

"వెల్డ్‌కి ఎవరు చెప్పారు?"

"నేనే." ఆమె స్కార్ఫు సర్దుకుంది. "చెప్పకపోతే వాళ్లకి నా మీద అనుమానం వచ్చేది. నేను పోతే ఈ కబురు మీకు ఎవరు చెబుతారు?"

హిల్మీ కోపం కోసం ఎదురుచూశాడు. రాలేదు. మోకాలి మీద తన చెయ్యి ఉంది, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

"పెట్టె సంగతి చెప్పు."

ఆమె చెప్పింది. బాగా చెప్పింది, అది ఆమె వృత్తి. నీలం కంటైనర్, తలుపు మీద నత్తగుల్ల గుర్తు. కాగితాల మీద గచ్చు పలకలు. పొద్దున్నే స్కానర్ ఎర్రగుర్తు వేసింది, ఎవరూ తెరవలేదు. ఉపవాసం విడిచే ఫిరంగి పేలగానే తనిఖీవాళ్లంతా తిండికి పోతారు. అదే అదను. లారీ ఫెర్రీ గేటులోంచి వెళుతుంది. "మీవాళ్లందరినీ అక్కడికే రప్పించు. ఎర్రగుర్తు పెట్టె తెరవకుండా బయటికి రావడం కళ్లారా చూస్తారు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అర్థమైందా?"

"అర్థమైంది" అన్నాడు హిల్మీ.

నిజంగానే అర్థమైంది. ఎక్కడా పీచు లేదు, ముడి లేదు. మింగేస్తే గొంతులోంచి జారిపోయేటట్టుంది. వరండా చివరికి వచ్చాక నిలబడిపోయాడు. ఇందాక తెర మీద బొమ్మ కూడా ఇలాగే జారిపోయింది. ఆ వివరణకి పెట్టిన పరీక్షే ఈ వివరణకీ పెట్టాలి. చెప్పినట్టు చేసి చూస్తే ఏమవుతుంది? ఫిరంగి వేళకి ఫెర్రీ గేటులోంచి ఒక కంటైనర్ లారీని బయటికి పంపి చూశాడు, మనసులోనే.

లారీ బల్లలకి గుద్దుకుంది.

కళ్లజోడు కాడ పట్టుకున్నాడు. "సార్, లారీ వెళ్లేది ఎడారి గేటులోంచి. టెర్మినల్‌కి ఉన్న ఇంకో గేటు అదొక్కటే."

"ఫెర్రీ గేటు అంది కదా ఆమె" అన్నాడు బహ్గత్ చెవిలో. "నేను విన్నాను. మనవాళ్లు అప్పుడే అక్కడికి వెళ్లిపోయారు."

"ఆ వీధి నిండా ధర్మభోజనం బల్లలు సార్. సాయంత్రం అక్కడ సైకిల్ కూడా కదలదు. ఆమె ఎప్పుడూ రంజాన్ నెలలో ఇక్కడ ఉండి ఉండదు."

"అయితే మనవాళ్లని ఎడారి గేటుకి తిప్పుతాను."

"ఎలా తిప్పుతారు? అక్కడినుంచి ఇక్కడికి దారి కూడా అదే వీధి. జనం కూర్చుని ఉంటారు."

కైరోలో సిగరెట్ పెట్టె నలిగిన చప్పుడు. "అంటే మన మనిషి?"

"వాళ్ల మనిషి సార్. మన జీతం కూడా తీసుకుంటోంది."

"నువ్వొక్కడివే మిగిలావు హిల్మీ."

"అలాగే సార్" అన్నాడు హిల్మీ, టీ తెమ్మంటే అన్నట్టు.

ఎడారి గేటు దగ్గర గార్డు గదిలో ఒక్కడే ఉన్నాడు. గిర్గిస్ అని, క్రైస్తవుడు. ఉపవాసం ఉన్నవాళ్లు తిండికి వెళ్లేందుకు నెలంతా ఈ వేళ డ్యూటీ తనే తీసుకుంటాడు. ఎదుట సాండ్‌విచ్ ఉంది, విప్పలేదు. ఫిరంగి పేలకుండా నలుగురిలో తినడం అతడికి బాగుండదు.

హిల్మీ తన అసలు బ్యాడ్జీ చూపించాడు. గార్డు లేచి నిలబడ్డాడు. అధికారులని అక్కడ 'బాషా' అని పిలుస్తారు.

"నత్తగుల్ల గుర్తు పెట్టె వస్తుంది. ఆపాలి."

"ఎలా బాషా? తెర పచ్చలైటు చూపిస్తోంది." గిర్గిస్ వేలితో చూపించాడు. నిజమే. ఆ పెట్టె పేరు అప్పటికే వరసలో ఉంది, పక్కన పసుపు చుక్క, కింద పచ్చలైటు.

"ఆపే మీట లేదా?"

"ఉండేది. కొత్త సిస్టమ్ వచ్చాక పీకేశారు. మేం లంచం తీసుకుని ఆపుతామట. బండికి అడ్డంగా పడుకుందామా అంటే, పోయిన నెల ఒకడు పడుకున్నాడు. డ్రైవర్ ఆగలేదు."

"మరి నీకున్న మీటలేమిటి?"

"ఇదొక్కటే. ఉప్పుగాలికి సెన్సర్ పట్టేస్తే, బండి వెళ్లిపోయిందని చేత్తో నొక్కాలి."

దూరంగా కంటైనర్ల మధ్యనుంచి లారీ మలుపు తిరిగింది. నీలం పెట్టె. వెనక నల్ల కారు.

"స్తంభాలు ఎప్పుడైనా లేచాయా?"

"లేవకేం. నిన్న ఉల్లిపాయల లారీని ఎత్తి పడేశాయి. సెన్సర్ ఒకే బండిని రెండుసార్లు లెక్కపెట్టిందట. ఒక పెట్టె రెండోసారి బయటికి పోకూడదని ఒక నియమం ఏడ్చింది లెండి. దింపేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది."

హిల్మీ మీట వైపు చూశాడు.

"ఆ పెట్టె వెళ్లిపోయిందని నొక్కు."

"ఎదురుగా వస్తూంటే వెళ్లిపోయిందంటారేంటి బాషా? దొంగ నమోదు చేస్తే నా ఉద్యోగం పోతుంది."

"నీ వేలు పక్కకి తియ్యి."

హిల్మీయే నొక్కాడు. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. 'నమోదు అవుతోంది. దయచేసి వేచి ఉండండి.' అది ముందు నమోదు కావాలి. అయ్యాక లారీ గీత దాటితే అది రెండోసారి అవుతుంది. నమోదు కాకముందే దాటితే అంతా ఒకటోసారి కిందే లెక్క. గొట్టాలు ఎడారికి.

"ఎంతసేపు తిరుగుతుంది ఇది?"

"దాని ఇష్టం బాషా. నిన్న టీ తాగొచ్చాను."

లారీ వేగం అందుకుంది. నల్ల కారు దాన్ని దాటి వచ్చి గార్డు గది ముందు ఆగింది. బూడిదరంగు సూటు దిగింది.

తలుపు తెరుచుకుంది. "క్షమించాలి" అన్నాడు వెల్డ్.

హిల్మీ వెనక్కి తిరగలేదు. కిటికీ అద్దంలో వెల్డ్ చెయ్యి లేవడం కనబడింది, వేళ్ల మధ్య సన్నటి మెరుపు. హిల్మీ భుజం కిందికి జార్చి, పెన్ను వెనక్కి పొడిచాడు. మణికట్టులో దిగింది. వెల్డ్ ఇంకేదో మర్యాదగా అనబోయి, ఆ మాట నోట్లోనే ఉంచుకుని, గిర్గిస్ కుర్చీలో కూలబడ్డాడు.

"బతికే ఉన్నాడా?" అన్నాడు గిర్గిస్.

"ఉన్నాడు. మంగలి దుకాణంలో మా స్నేహితుడికి ఈ సౌకర్యం లేకపోయింది."

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. లారీ గేటు ముందుకి వచ్చేసింది. ముందు చక్రాలకీ పసుపు గీతకీ మధ్య మంచమంత దూరం. హిల్మీ చూస్తున్నాడు. గుండె మామూలుగా కొట్టుకుంటోంది. అది అతడికి నచ్చలేదు.

అప్పుడు ఊళ్లో ఫిరంగి పేలింది.

గేటు పక్క చేపల బజారువాళ్లు రోజూలాగే నిలబడి ఉన్నారు, దారిలో చిక్కుకున్న డ్రైవర్లకి ఖర్జూరాలూ చింతపండు పానకమూ ఇవ్వడానికి. లావుపాటి చేపలావిడ ఒకతె లారీకి ఎదురెళ్లి చెయ్యెత్తింది.

"ఆగు నాయనా, నోరు తడుపుకుని పో."

లారీ ఆగింది.

డ్రైవర్ పేరు మర్జూక్. దొంగ సరుకు తోలడానికి బేరం కుదుర్చుకున్నవాడే. కానీ పొద్దుటినుంచి పచ్చినీళ్లు ముట్టలేదు. ఉప్పు ముఠా గేట్లు కొలిచింది, స్కానర్లు కొలిచింది, తనిఖీవాళ్ల తిండి వేళలు కొలిచింది. తమ డ్రైవర్‌కీ ఆ ఫిరంగే వినబడుతుందని వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు. మర్జూక్ కిటికీలోంచి చెయ్యి చాచి ఖర్జూరం తీసుకున్నాడు. కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకున్నాడు.

నల్ల కారులో హారన్ మోగింది. మైసా తల బయటపెట్టింది. "పోనివ్వవోయ్! ఏం చేస్తున్నావ్?"

"వస్తున్నానమ్మా, గొంతులో ఉంది" అన్నాడు మర్జూక్. పానకం గ్లాసు అందుకున్నాడు.

"బాగుందా?" అంది చేపలావిడ.

"తీపి తక్కువైందక్కా."

"నీ గ్లాసులో ఇంకో చెంచా వేస్తాను, ఉండు."

హారన్ ఆగకుండా మోగుతోంది. మర్జూక్ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఆవిడకి దండం పెట్టి గేరు వేశాడు. ముందు చక్రాలు కదిలాయి.

తెర మీద చక్రం ఆగింది. 'నమోదైంది. పెట్టె బయటికి వెళ్లినది.'

చక్రాలు గీత దాటాయి. సెన్సర్ టిక్కుమంది. తెర మొత్తం ఎర్రబడింది.

స్తంభాలు లేచినప్పుడు నేల అదిరింది. లారీ నడుం విరిగినట్టు పైకి లేచి, వెనక చక్రాలు గాలిలో తిరుగుతూ అక్కడే ఉండిపోయింది. నీలం పెట్టె గేటు గీతకి ఇవతలే ఆగింది. చేపలావిడ చేతిలో చెంచా అలాగే ఉంది.

హిల్మీ బయటికి వచ్చి కారు తలుపు తీశాడు. మైసా పారిపోవడానికి ప్రయత్నించలేదు, ఆ చెప్పులతో ఎక్కడికి పోతుంది.

"నేను రెండు వైపులా మాట్లాడాను కాబట్టే నువ్విక్కడ ఉన్నావు" అంది. "అది నీకు అర్థమయ్యేలా చెప్పగలను."

"చెప్పగలవు. అందుకే వద్దు."

ఆమె అతడి మొహంలోకి చూసింది. ఎంతో మందికి ఎన్నో చెప్పిన మనిషి, ఆ మొహంలో ఏమీ దొరక్క తడబడింది. "మీ స్నేహితుణ్ని నేనే పట్టిచ్చాను. కోపం కూడా రావట్లేదా నీకు?"

"వస్తుంది" అన్నాడు హిల్మీ. "తర్వాత."

జపమాల దారంతోనే ఆమె చేతులు కట్టాడు. చాలా కాలానికి బహ్గత్ ఇచ్చిన వస్తువు ఒకటి పూర్తిగా పనికొచ్చింది.

మర్జూక్ క్యాబిన్‌లో ఎత్తున కూర్చుని కిందికి చూస్తున్నాడు. "బాషా, గచ్చు పలకలన్నారు నాతో. అంతే తెలుసు. దింపేముందు ఇంకో ఖర్జూరం తిననిస్తారా?"

గిర్గిస్ సాండ్‌విచ్ విప్పి సగం హిల్మీకి ఇచ్చాడు. హిల్మీ తిన్నాడు. రుచి తెలియలేదు. బాగుందని చెప్పాడు.

పొద్దున్నే కైరో నుంచి మనుషులు వచ్చి పెట్టె తెరిచారు. గొట్టాలన్నీ ఉన్నాయి. ఫొటోలు తీశారు, వెల్డ్‌నీ మైసానీ చెరో బండిలో తీసుకెళ్లారు. పెట్టె తెరిచినట్టు సిస్టమ్‌లో ఎక్కించబోతే అది ఒప్పుకోలేదు. టెర్మినల్‌లో లేని పెట్టెను తెరవడం కుదరదంది.

కళ్లజోడులో బహ్గత్ గొంతు వచ్చింది. రాత్రంతా తాగిన సిగరెట్ల వల్ల మెత్తగా ఉంది.

"శభాష్ హిల్మీ. ఒక చిన్న చిక్కు. ఎర్రగుర్తు పెట్టె ఒకటి తెరవకుండా గేటు దాటి పారిపోయిందని సిస్టమ్ నిన్న సాయంత్రమే పైవాళ్లకి కబురు పంపింది. అక్కడ గగ్గోలుగా ఉంది. ఎక్కడున్నా వెతికి పట్టుకోమని నీ పేరు మీద ఆర్డరు వచ్చింది."

"అది నా ఎదురుగా ఉంది సార్."

"నేను చెప్పాను. రికార్డులో లేదన్నారు. ప్రయాణ ఖర్చులు మాత్రం మంజూరు చేశారు."

హిల్మీ గార్డు గదిలోంచి కుర్చీ ఒకటి తెచ్చుకుని, నీలం పెట్టె నీడలో వేసుకుని కూర్చుని, దాన్ని వెతకడం మొదలుపెట్టాడు.